వినే పాఠం

పెద్ద టీచరమ్మ కంటికి చిక్కని రోగం ఈ భూమ్మీద పుట్టలేదు. వీధి చివర ఎవరైనా తుమ్మబోతుంటే ఇక్కణ్ణుంచే మందు పేరు చెప్పేది. అంతటి మనిషి ఆ సాయంత్రం నర్సింగ్ కాలేజీ సిలబస్ కమిటీ ముందు పిండి ఆరేసిన గుడ్డలా నిలబడి ఉంది.

"ఈ పాఠం తీసేద్దామండీ," అన్నాడు కమిటీ పెద్ద. ఏ సిలబస్ ఆయన చేతిలో పడినా సగమై బయటికొస్తుంది గనక అందరూ ఆయన్ని కత్తెర అంటారు. "సూది వెయ్యడం నేర్పండి, కట్టు కట్టడం నేర్పండి. రోగి మాట వినడానికి కూడా ఒక పాఠమా? పిల్లలకి చెవులున్నాయిగా!"

"చెవులు మీకూ ఉన్నాయి సార్. మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను. మన పిల్లలు చార్టు చూస్తున్నారు, మనిషిని చూడట్లేదు."

"సరే. వినడానికి పరీక్ష ఎలా పెడతారో రేపు చూపించండి. నచ్చితే ఉంచుదాం. లేదంటే ఇంతే సంగతులు."

మూడేళ్ళ చాకిరీ ఒక్క పూటలో తేలిపోతుంది. ఆవిడ ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"రేపు మీరే రోగి," అంది భర్తతో.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, పిల్లల ప్రాక్టీసు కోసం కాలేజీలో ఉత్తుత్తి రోగిగా పడుకోవడం ఆయనకి అలవాటే. విరగని కాలికి ఎన్ని కట్లు కట్టించుకున్నాడో! ఒకసారి ఆయన మూలుగు విని పక్క వీధి అంబులెన్సు పరిగెత్తుకొచ్చింది.

"ఈసారి ఏం రోగమే?"

"పైకి మోకాలి నొప్పి. లోపల ఇంకోటి దాచుకోండి. పిల్ల ఓపిగ్గా వింటేనే బయటపెట్టాలి. ఆ రెండోది మీరే కల్పించుకోండి."

"అది కాదే, నీకో మాట చెబుదామని..."

"చెప్పకండి! నాకు ముందే తెలిస్తే అదేం పరీక్ష?"

మర్నాడు ఆయన ప్రాక్టీసు వార్డులో మంచమెక్కాడు. కమిటీ గోడవార కూర్చుంది. క్లాసులో నోరు విప్పదని అందరూ బొమ్మ అని పిలిచే రెండో ఏడాది పిల్ల వచ్చింది.

"మోకాలు ఎప్పట్నుంచి తాతగారూ?"

"అదా, పాత చుట్టమే తల్లీ. వస్తుంది, పోతుంది."

పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏమీ అడగలేదు. కత్తెర వాచీ చూసుకున్నాడు. పిల్ల మాత్రం కదల్లేదు.

"మెట్లెక్కుతుంటే ఇక్కడ," ఆయన రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు, "బండ పెట్టినట్టుంటోందమ్మా. ఎడం చెయ్యి లాగేస్తోంది."

"ఇంట్లో చెప్పారా?"

"ఆవిడ అలిసిపోయి వస్తుంది. రాగానే వినే పాఠం రాసుకుంటుంది. మధ్యలో నా గోల ఎందుకని."

గదంతా గొల్లున నవ్వింది. కత్తెర కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. ఏం నటన అండీ అది! నుదుటికి చెమట కూడా పట్టించాడు మహానుభావుడు.

"పాఠం ఉంటుందండీ. ఒక్క గంట కూడా కోయను," అన్నాడు కత్తెర.

బొమ్మ ఇంకా ఆయన చెయ్యి పట్టుకునే ఉంది. "లే అమ్మా, పాసయ్యావు," అంది టీచరమ్మ.

బస్సులో ఆవిడ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "అందరి ముందూ నన్నే ఆడిపోసుకుంటారా?"

"నీ పాఠం నిలబడిందిగా!"

ఎన్నాళ్ళకో ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఆయన భుజం మీద వాలి నిద్రపోయింది. లేస్తుందేమోనని ఆయన ఊపిరి కూడా మెల్లిగా పీల్చుకున్నాడు.

వీధి చివర తుమ్ము నా కోతే, ఒప్పుకుంటున్నాను. అంబులెన్సూ రాలేదు. వాటికేం గానీ, మీకు నేను చెప్పిన అసలు అబద్ధం వేరే ఉంది.

ఆయన నటించలేదు.