ఏ నీళ్లు?

"బిడ్డకు ఏ నీళ్లు పట్టినారు?" డాక్టర్ మహాలక్ష్మి అడగడం అది మూడోసారి.

నెలన్నర పసివాడి పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. తల్లి సుభాషిణి తలొంచుకుని నిలబడింది. అత్త ఆదిశేషమ్మ నోరెత్తనిస్తే కదా. మనవడు తల్లిపాలు తప్ప ఇంకో చుక్క ఎరగడని నెల్లూరు ఆసుపత్రి అంతా వినబడేట్టు చెప్పేసింది. నెలన్నరగా కాలనీ మొత్తం వింటున్న పాటే ఇది. ఇంటికి ఎవరొచ్చినా మా కోడలికి పాలకేం కొదవ అనడమే ఆమె పని.

డాక్టరమ్మ ఓపిగ్గా మళ్లీ మొదటికొచ్చింది. రక్తం నల్లబడి ఉంది. వీళ్ల కాలనీ బోరు నీళ్ల నిండా నైట్రేటు. ఆ నీళ్లు కలిపిన పాలు తాగితే పసిపిల్లలు ఇలాగే నీలంగా మారతారు. కాచినా పోదు, ఇంకా చిక్కబడుతుంది. అదే అయితే ఇక్కడే ఒక ఇంజెక్షన్ చాలు. కాకపోతే గుండె జబ్బు, చెన్నైకి నాలుగు గంటల దారి, అంతసేపు బిడ్డ ఆగుతాడో లేడో. పోనీ ఇంజెక్షన్ ఇచ్చి చూద్దామంటే అది గుడ్డిగా ఇచ్చే మందు కాదు, వికటిస్తే ప్రాణానికే ముప్పు.

మూడో వారానికే సుభాషిణికి పాలు ఇంకిపోయాయి. అత్త ఏమంటుందోనన్న భయంతో పాలపొడి డబ్బా చీరల కింద దాచి, తలుపేసుకుని బిడ్డకు పడుతోంది. ఇప్పుడు బయటపడితే ఆ ఇంట్లో ఇక తలెత్తుకోలేదు. నోరు మూసుకుంటే బిడ్డే దక్కడు.

"డబ్బా పాలు పడతా ఉండాను మేడం. నాకు పాలు లేవు."

అత్త వైపు చూడలేదు. ఎన్ని మాటలన్నా పడదామనుకుంది.

"ఏ నీళ్లతో కలిపినావు?"

"క్యాన్ నీళ్లే మేడం. బిడ్డ మీద ఒట్టు. బోరు నీళ్లు తగలనీలేదు."

డాక్టరమ్మ ముఖంలో మెరిసిన ఆశ కాస్తా పోయింది. శుద్ధి చేసిన నీళ్లతో ఇది రాదని, గుండె జబ్బే అయ్యుంటుందని, అంబులెన్స్ పిలవమని నర్సుతో చెప్పింది. సుభాషిణి అక్కడే కూలబడిపోయింది. పరువు పోగొట్టుకుని నిజం చెప్పినా బిడ్డకు పనికి రాలేదని ఏడ్చింది.

ఆదిశేషమ్మ కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ మంచానికీ మధ్య తిరుగుతోంది. అంబులెన్స్ వచ్చిందని నర్సు చెప్పగానే పోయి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"చెన్నైకి వద్దమ్మా. దీనికి పాలు లేవని నాకు ముందే తెలుసు. నలుగురిలో చిన్నబోకూడదని అట్టా చెప్పుకుంటా వచ్చినా. ఇది స్నానానికి పోయినప్పుడల్లా బిడ్డ ఆకలికి ఏడస్తా ఉంటే..."

కోడలి వైపు చూడలేక గోడ వైపు తిరిగింది.

"నేనూ పట్టినానమ్మా, బోరు నీళ్లు కలిపిన ఆవుపాలు."