ఓలమ్మో

గంపలో కానాగంత చేపని గద్ద తన్నుకుపోయింది.

నౌపడ రైల్వే గేటు దగ్గర, పట్టపగలు, ఇంకా బేరం కూడా తెగలేదు. అసిరమ్మ లేచి, రెండు చేతులూ ఆకాశంలోకి చాపి అరిచింది.

"ఓలమ్మో! నా సేప ఎగిరిపోనాదే!"

బేరమాడుతున్నవాడి చేతిలో ఫోను కెమెరా అప్పటికే తెరిచి ఉంది.

వారం తిరక్కుండా ఆ అరుపుకి డప్పు కలిసింది. తర్వాత డీజే. పెళ్లి ఊరేగింపుల్లో, కాలేజీ బస్సుల్లో, ఆటోల్లో అదే. ఎవడి పెళ్లాం పుట్టింటికి పోయినా, ఎవడి క్రికెట్ టీము ఓడినా అసిరమ్మ గొంతే. విజయనగరంలో ఒక బట్టల కొట్టువాడు చీరల తగ్గింపుకి కూడా దాన్నే వాడుకున్నాడు. ఆమెను అడిగిన పాపాన పోలేదు.

మొదట్లో ఆమెకూ నవ్వొచ్చింది. అబద్ధమెందుకు, కాస్త గర్వంగానూ ఉండేది.

పోనుపోను చేపలు కొనేవాళ్లు తగ్గి, అరుపు అడిగేవాళ్లు పెరిగారు.

"పిన్నీ, ఒక్కసారి అనవా?"

"సేపలు కొనండి బాబూ."

"అంటే కొంటాం."

అనేది. ఏం చేస్తుంది మరి?

"ఇదేటే నాకీ గోల?" అని కోడలు అరుణశ్రీని అడిగింది.

"ట్రెండింగ్ అత్తా. నాల్రోజులుంటాది, పోతాది."

మొగుడు ఎల్లాజీ వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు. "పిచ్చి," అన్నాడు.

రోజూ చేపలకొచ్చే జగన్నాధం మాస్టారు ఇంకాస్త ఓపిగ్గా చెప్పారు. "దీన్ని వేలంవెర్రి అంటారు అసిరమ్మా. మోజు అన్నా అదే. ఇలాంటివి ఎక్కువ కాలం నిలవవు."

పేర్లకేం, బోలెడున్నాయి. వదిలిపోయే రోజు మాత్రం ఎవరికీ తెలీదు.

"ఎప్పుడు పోతాది మాస్టారూ?"

"ఇంకో కొత్తది వచ్చినప్పుడు."

అంటే ఇంకెవరి నోటి నుంచో ఇంకో మాట ఊడిపడాలి. ఆ మనిషెవరోగానీ తలుచుకుంటే జాలేసింది. అయినా అసిరమ్మ ఆ మనిషి కోసమే కాచుకుని కూర్చుంది.

అసిరమ్మ తల్లి గురమ్మ పక్క వీధిలోనే ఉండేది. ముసలితనంలో చూపు పూర్తిగా పోయింది. సాయంత్రం గంప దించి, గుమ్మంలో నిలబడి అసిరమ్మ "ఓలమ్మో" అని పిలిచేది. "రాయే," అనేది గురమ్మ లోపల్నుంచి. ఊహ తెలిసినప్పటి నుంచి తల్లికి అదే పిలుపు.

ఇప్పుడు ఆ పిలుపు నోట్లోంచి రావడమే ఆలస్యం, వీధిలో పిల్లలంతా "ఎగిరిపోనాదే!" అని అందుకుంటున్నారు. ఒకరోజు ఆ కేకలకి గురమ్మ బెదిరి, మంచం దిగబోయి పడింది. అప్పట్నుంచి అసిరమ్మ చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్తోంది.

"ఎవులే?" అనేది తల్లి, గాల్లో చేతులు ఆడిస్తూ.

"నేనేనే."

"నేనంటే ఎవులే?"

కన్నతల్లికి తనెవరో చెప్పుకోవాల్సి వచ్చినందుకు అసిరమ్మకు కడుపు రగిలిపోయేది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలిసేది కాదు.

ఆ రోజు గేటు దగ్గరికి ఎల్లాజీ ఆటోలో వచ్చాడు. దిగకుండానే అన్నాడు.

"గంప అక్కడొగ్గీయే. మీయమ్మ పోనాది."

దారిలో ఆటోవాడి ఫోను మోగింది. ఆమె అరుపే. వాడు గబుక్కున నొక్కేసి, ఇక ఊరు చేరేదాకా వెనక్కి చూడలేదు.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. కూతురు రావాలి, గుమ్మంలో నిలబడి తల్లిని పిలుస్తూ ఏడుపు ఎత్తుకోవాలి. ఆ తర్వాతే మిగతా ఆడవాళ్లు గొంతు కలుపుతారు.

గురమ్మని అరుగు మీద పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్లు కొంగులు సవరించుకుని అసిరమ్మ నోటి వంకే చూస్తున్నారు. వాకిలి నిండా జనం. గోడ పక్కన ఎవరో ఫోను పైకెత్తారు. ఆ పక్కనున్న పిల్ల పెదవి కొరుక్కుంటోంది, ఏడుపు ఆపుకోవడానికో, నవ్వు ఆపుకోవడానికో.

ఆ పిలుపే కడుపులోంచి తన్నుకుని గొంతు దాకా వచ్చింది. ఆమెకు తెలిసిన ఏడుపు అదొక్కటే.

అసిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అలాగే తల్లి కాళ్ల దగ్గర కూలబడింది.

ఎవరూ ఏడవలేదు.

గురమ్మ చెల్లెలు అరుగు చివర గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెకూ చూపు ఆనదు. చాలాసేపు చెవి ఒగ్గి విని, పక్కనున్నామె చెయ్యి తట్టింది.

"కూతురింకా రానేదేటే?"