తలుపు తీసిన తల్లి

"నా నవల ఆఖరి పేజీ మార్చింది మీరేనా?"

కుర్చీ చూపించినా కూర్చోకుండానే అడిగాడు ఒకమురా. జపాన్‌లో దెయ్యాల నవలలకు ఆయన పెట్టింది పేరు. పద్నాలుగు రాశాడు. వాటిలో ఒకదాన్ని తెలుగులోకి తెచ్చిన సుసన్నాను నిలదీయడానికే టోక్యో నుంచి నూజివీడు దాకా వచ్చాడు. తెలుగు నేర్చుకున్న ఓ జపాన్ విద్యార్థిని ఈ సంగతి ఆయన చెవిన వేసిందట.

"నేనేనండీ," అంది సుసన్నా ఆయన భాషలోనే, తొణక్కుండా.

"చనిపోయిన కూతురు వానలో వచ్చి తలుపు కొడుతుంది. నా కథలో తల్లి గడియ పెట్టేసుకుంటుంది. మీ పుస్తకంలో?"

"తలుపు తీస్తుంది. తల తుడుస్తుంది. అన్నం పెడుతుంది."

"దెయ్యానికా?"

"కూతురికండీ."

వసారాలో రసాలు ఏరి ట్రేలలో సర్దుతున్న నతానియేలుకు వాళ్ల భాష అర్థం కాలేదు గానీ, వచ్చినాయన వాలకం మాత్రం అర్థమైంది.

"ఏంటంటున్నాడు?" అని భార్యను అడిగాడు.

"ఆఖరి పేజీ ఎందుకు మార్చావంటున్నారు."

"పొరపాటైందని చెప్పెయ్. ఆయన కాదంటే అచ్చేసినవాళ్లు పుస్తకం వెనక్కి తీసేసుకుంటారన్నావుగా. మూడేళ్లు కూర్చుని చేశావు."

సుసన్నా ఒకమురా వైపు తిరిగింది.

"అడక్కుండా మార్చడం తప్పే. దానికి మీరేం చేసినా పడతాను. కానీ నేను రాసింది తప్పు కాదండీ. కన్నబిడ్డ ముఖాన తలుపు వేసే తల్లిని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇప్పుడు మళ్లీ రాయమన్నా ఇలాగే రాస్తాను."

నతానియేలు లేచి ఓ చిన్నరసం మెత్తగా పిసికి, ముచ్చిక తీసి ఒకమురా చేతిలో పెట్టాడు. ఆయన నిలబడే జుర్రుకున్నాడు. చొక్కా మీద రసం కారినా చూసుకోలేదు. టెంక పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు కూర్చున్నాడు. సంచిలోంచి లావుపాటి కాగితాల కట్ట తీసి ఆమె ముందుకు జరిపాడు.

"నా పదిహేనో నవల. ఇంకా అచ్చుకు ఇవ్వలేదు."

సుసన్నా అలవాటు కొద్దీ చివరి నుంచి తిరగేసింది. వాక్యం మధ్యలోనే కథ ఆగిపోయింది.

"దీనికి ఆఖరి పేజీ లేదేంటండీ?"

"పద్నాలుగు నవలలకూ ఆఖరి పేజీ రాసింది నా భార్య," అన్నాడాయన. "పోయిన చలికాలంలో చనిపోయింది. దీనికి మీరు రాసిపెడతారా?"