జాబితాలో కొత్త పేరు

గుమ్మంలో నిలబడ్డ మనిషి నోరు తెరిచేలోగానే దర్జీ అక్క కేకేసింది.

"వచ్చావా బాబూ! పొద్దున్నుంచి నీకోసమే చూస్తున్నాను. రా, ముందు దీని సంగతి చూడు."

ముందుగదిలో కుట్టుమిషను పక్కనే కంప్యూటరు. అందులో మూడు వందల మంది స్కూలు పిల్లల కొలతలు. మెడలో టేపుతో ఆమె చెబుతుంటే తమ్ముడు నేరుగా అందులోకే ఎక్కించాడు. కాగితం ముక్క మీద కూడా లేవు.

సెలవులు అయ్యేలోగా యూనిఫాంలన్నీ ఇవ్వాలి. కంప్యూటరేమో రెండు రోజులుగా నత్తలా నడుస్తోంది.

ఆ మనిషి ఆమెను ఒకసారి, కంప్యూటరును ఒకసారి చూశాడు. కూర్చున్నాడు. డబ్బాకు చెవి ఆనించి విన్నాడు. బయటికి వెళ్లి, ఇంకో డిస్కు తెచ్చి లోపల బిగించాడు.

"రేపటిదాకా ఆపకండమ్మా. ఇంకా నెమ్మదిస్తుంది. ఓర్చుకోండి."

అంతే చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం తమ్ముడు వచ్చి, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచాడు.

"అక్కా, ఇదేంటి? ఈ పేరు నేనెప్పుడూ చూడలేదే. కంప్యూటరు మొత్తాన్ని ఇదే నమిలేస్తోంది."

"ఏంట్రా అది?"

"ఇంకేంటి, వైరస్సు. ఆ పెద్దమనిషి దొంగను తెచ్చి నీ ఇంట్లో కూర్చోబెట్టి పోయాడు."

"అయ్యో, మరెలా?"

"నేనుండగా నీకెందుకు భయం?"

ఒక్క నొక్కుతో ఆపేశాడు. ఇంకో నొక్కుతో చెరిపేశాడు. కంప్యూటరు పరుగందుకుంది. తమ్ముడు కాలు మీద కాలేసుకున్నాడు.

మర్నాడు ఆ మనిషి మళ్లీ వచ్చాడు. తమ్ముడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నీ ఆట కట్టించేశాం. ఇంక దయచెయ్యి."

"ఆపేశారా?" అతని మొహం వాడిపోయింది. "పేరు చూసి ఆపకూడదండి. ఏం చదువుతోందో, ఎక్కడ రాస్తోందో చూడాలి. మీ పాత డిస్కు నేడో రేపో పోతుంది. కొలతల్ని అందులోంచి కొత్తదాంట్లోకి మోస్తోంది అది. ఎంతవరకు..."

"కథలు బాగానే చెబుతున్నావు."

"అమ్మా, అసలు నేనొచ్చింది..."

తలుపు మొహం మీదే పడింది.

ఆ మర్నాడు కంప్యూటరు టకటకా కొట్టుకుని ఆగిపోయింది. అక్క మెకానిక్కుకు ఫోన్ చేసి చెడామడా తిట్టింది. గంటలో వచ్చిన మనిషి వేరే!

"నన్నెందుకు తిట్టారో అర్థం కాలేదమ్మా. మొన్న నాకు కుదరక రానేలేదు కదా." డబ్బా విప్పి చూశాడు. "పాత డిస్కు పోయింది. ఈ రెండోది ఎవరు పెట్టారోగానీ, చెయ్యి తిరిగినవాడే. రెండు వందల నలభై మంది కొలతలు దక్కాయి. ఇంకాసేపు నడవనిచ్చి ఉంటే అన్నీ దక్కేవి."

అక్క తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఫ్యాను వైపు చూశాడు.

స్కూల్లో అడ్రసులు రాయించుకుని మిగతా అరవై ఇళ్లకూ ఆమే బయలుదేరింది.

పదిహేడో ఇంటి తలుపు తీసింది అతనే.

అక్క మెడలోంచి టేపు తీయబోయి ఆగింది.

"మా పాపకు కుడి చెయ్యి కాస్త పొట్టి, ఆ చేతి కొలత విడిగా తీసుకోమని చెప్పిపోదామనే ఆ రోజు మీ ఇంటికొచ్చానండి" అన్నాడతను, తన వెనక నక్కిన కూతుర్ని ముందుకు నడిపిస్తూ.