వద్దన్న బొమ్మలు

ఇప్పుడు బొమ్మలన్నీ యంత్రాలే గీస్తున్నాయి. అవి వెయ్యి గీస్తే తొమ్మిది వందల తొంభై తొమ్మిదింటిని వద్దనడమే మా డిజైనర్ల పని. ఉద్యోగం కావాలంటే అలా వద్దన్నవాటితోనే పోర్ట్‌ఫోలియో తయారుచేసుకోవాలి.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఎవరేం చెప్పినా సరేనంటూ సంపాదించాను. నాకు ఆ వెయ్యి బొమ్మలూ బాగానే కనిపించాయి.

మర్నాడే ఇంటర్వ్యూ. గుంటూరు మిర్చి యార్డులో రంగుపోయిన తాలుకాయలు ఏరే అమ్మ నా పక్కన కూర్చుని, టీ చల్లారేలోపు మొత్తం ఏరిపారేసింది.

"ఇదేం పచ్చరంగే, కడుపులో తిప్పుతంది! నీ కళ్ళేమయినయ్యే?"

అమ్మ వద్దన్నవన్నీ నా పేరుతో పంపాను.

ఇంటర్వ్యూలో సార్ తెగ మెచ్చుకున్నారు. "సుభాషిణీ, ఈ నెమలిని ఎందుకు తీసేశావమ్మా?"

నాకు ఆ నెమలి ఇప్పటికీ నచ్చుతోంది.

"అమ్మనడిగి చెప్తానండీ" అన్నాను.

సార్ వెంటనే నన్ను వద్దన్నారు. ఆయన మంచి డిజైనర్.