గుడ్డు పెట్టమాక

"ఆ గుడ్డు పెట్టమాకమ్మా."

గుమ్మంలో ఎవరో ఆడమనిషి. సుస్మిత ఉలిక్కిపడి చూసింది. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

భర్త విజయ్ కుమార్ దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయాడు. అత్త కాంతమ్మ ప్రార్థనకి వెళ్లింది. సుస్మిత కూతురు షెర్లీని ఒళ్లో పెట్టుకుని ఉడికించిన గుడ్డు తినిపిస్తోంది. ఏడాదిన్నర దాటినా పిల్లకి నడక రాలేదు, మాట రాలేదు. ఒంట్లో బలం చేరాలని పూటకో గుడ్డు, గ్లాసెడు పాలు పట్టిస్తున్నారు.

"ఎవరు నువ్వు?"

"నకరికల్లు మాది. పాప సంగతి ఇని వచ్చా."

ఆమె లోపలికొచ్చి, వంగి షెర్లీ తల వాసన చూసింది. చూస్తూండగానే ముఖం పాలిపోయింది.

"ఎలక వాసన. ఈ ఎర్రజుట్టు పుట్టినప్పట్నించీ ఉందా?"

సుస్మితకి ఒళ్లు మండింది. "నా బిడ్డ కంపు కొడతందా? నడువు బయటికి."

"కోప్పడమాక. గుడ్డు, పాలు, పప్పు ఈ పిల్లకి పడవు. గుంటూరు పోయి రక్తం పరీక్ష చేయించు. నా బిడ్డకీ..."

"పసిదాని నోటికాడ కూడు లాగేస్తావా? నీ పాడు కళ్లు పడనే పడ్డాయి."

అరుపులకి, ఈమధ్యే పక్కింట్లో అద్దెకి దిగిన ఫిలోమినా చీపురుతో వచ్చింది. "పిల్లల్ని ఎత్తుకుపోయేదాని మాదిరుందే. ఫోన్లో చూపిస్తన్నారుగా" అంటూ జబ్బ పట్టి వీధిలోకి నెట్టింది.

"నన్ను తిట్టుకో. పరీక్ష మాత్రం చేయించమ్మా."

సుస్మిత చెంబులో నీళ్లు ఆమె మొహాన కొట్టి తలుపేసింది. ఆ పూట కసికొద్దీ రెండో గుడ్డు కూడా తినిపించింది.

వానలు మొదలయ్యాక షెర్లీకి ఫిట్స్ వచ్చాయి. గుంటూరు పరిగెత్తారు. రక్తం పరీక్ష చేశారు.

"మనం తినే మాంసకృత్తుల్లో ఫెనైల్అలనైన్ అని ఒక అమైనో ఆమ్లం ఉంటుంది" అంది డాక్టరు. "ఒళ్లు దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అది లేకపోతే పిల్లలు ఎదగరు. మీ పాపకి దాన్ని అరిగించుకునే శక్తి పుట్టుకతోనే లేదు. రక్తంలో పేరుకుపోయి మెదడుని దెబ్బతీసింది."

"అయితే అది పూర్తిగా మాన్పిస్తాం మేడమ్."

"అదీ కుదరదు. ఎంత కావాలో అంతే, కొలిచి పెట్టాలి. పోయింది తేలేం, ఉన్నది కాపాడుకుందాం. ఇంకాస్త ముందొస్తే బాగుండేది."

సుస్మిత షెర్లీని గుండెకి హత్తుకుంది. "నకరికల్లు నించి ఒకామె ఇంటికొచ్చి చెప్పింది మేడమ్. తరిమేశాను."

"దయామణి అయ్యుంటుంది, ఇక్కడికే వచ్చేది. ఈ జబ్బుతోనే బిడ్డని పోగొట్టుకుంది, పాపం."

నకరికల్లు పోదామంటే విజయ్ కుమార్ కసిరాడు. "ఆడ మనకేం పని?"

సుస్మిత అతనికి చెప్పకుండా పిల్లనెత్తుకుని బస్సెక్కింది.

దయామణి ఇంటి వసారాలో ఆమె తల్లి మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"దయామణక్క ఉందా?"

"కువైట్ పోయింది. ఇళ్లల్లో పనికి."

"మళ్లీ ఎప్పుడొస్తది?"

"ఈడ ఎవరున్నారని వస్తది?"

ముసలామె చూపు షెర్లీ మీద పడి అక్కడే ఆగింది. "ఈ పిల్లేనా? ఆ గడప తొక్కమాకే అని చెప్పా. పసిదాని తప్పేముందమ్మా అని పోయింది. తడిసిన చీరతో తిరిగొచ్చింది."

సుస్మిత ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. "తప్పయింది పెద్దమ్మా. నేనెవరో ఎరక్కపోయినా అక్క నా బిడ్డ కోసం అంత దూరం వచ్చింది."

"ఎరక్కపోవడమేంది?" తొడిమ తుంచుతూనే అంది ముసలామె. "మొద్దు పిల్లని కన్నదని నా కూతుర్ని తోలేసి, విజయ్ కుమార్ రెండో తాళి కట్టింది నీకే గదా."