ఒక పూట ఆగితే

లూర్దు మేరీ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మోహిత్ మిడతల డబ్బాతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె భర్త పోయి మూడు నెలలైంది. ఆయన గాజుపెట్టెలో పెంచిన టరాంటులా సాలీడుకి అప్పట్నుంచీ మేత తెచ్చేది అతనే. నెట్ సెంటర్లో చూసి ఆయనా, మోహితూ కలిసి మొదలుపెట్టిన సరదా అది. ఇప్పుడు అనకాపల్లిలోనే ఐదారుగురు పెంచుతున్నారు.

"ఇంకెందుకు బాబూ, అదీ పోయింది" అంది మేరీ. "నిన్న పొద్దున్న సూత్తే ఎల్లకిలా పడుంది, కాళ్లన్నీ పైకెట్టి. ఆయన రుమాల్లో సుట్టి, సమాధి పక్కనే పాతేను."

మోహిత్ డబ్బా కింద పెట్టేశాడు.

"వదినా, సచ్చిపోతే కాళ్లు లోపలికి ముడుసుకుంటాది. ఎల్లకిలా పడుకుందంటే కుబుసం ఇడుత్తన్నట్టు. ఒక పూట వదిలేత్తే అదే లేత్తాది. అన్న నీకెప్పుడూ సెప్పలేదా?"

చెప్పే ఉంటాడు. ఆ పెట్టె ముందు కూర్చుని ఆయన ఏం చెప్పినా ఆమె ఒళ్లు జలదరించి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆయన పోయాకే, ఆయన చేతి తిండి తిన్న ప్రాణి ఇంట్లో ఇంకొకటి ఉందని దాని దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇద్దరూ సమాధుల తోటకి పరుగెత్తారు. మేరీ చేతుల్తోనే మట్టి తీసి రుమాలు విప్పింది.

లోపల రెండున్నాయి. ఒకటి ఖాళీ తోలు. రెండోది కొత్త నూగుతో నల్లగా నిగనిగలాడుతోంది.

దాని కాళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి.